జపాను గేదె, కాపీ స్టాంపులు

మా ఇంట్లో నా మాటలకి తరుగు తీసే అలవాటు ఉంది. "వందమంది భోజనానికి వస్తున్నారు" అని నేనంటే మా ఆవిడ పదిమందికే బియ్యం కడుగుతుంది. "తాడిచెట్టంత కెరటం లేచింది" అంటే పిల్లలు మోకాలు చూపించి "ఇంతే కదా నాన్నా?" అంటారు. నాకేం కోపం రాదు. చిన్న సంగతిని చిన్నగానే చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. పుట్టుకతో వచ్చిన జబ్బు. మందు లేదు, నేను వెతకనూ లేదు.

ఇప్పుడు రాయబోయే దాంట్లో ఒక గేదె ఉంది, ఒక సాయిబు ఉన్నాడు. గేదె విషయంలో మీకు తోచినంత తరుగు తీసుకోండి. సాయిబు దగ్గరికొచ్చేసరికి మాత్రం తీయకండి. ఈ సంగతి ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే జనం నవ్వుతారు. నా జన్మలో జనం నవ్వకూడదని కోరుకున్నది ఈ ఒక్కచోటే.

ఎనభైల మొదటి రోజులు. స్టీలు ప్లాంటు పనులు ఊపందుకుంటున్నాయి. దువ్వాడ స్టేషన్లో ఆగిన ప్రతి రైల్లోంచీ ఒక ఊరు ఊరంతా దిగుతోంది. దిగినవాళ్లందరికీ ఇళ్లు కావాలి, కొట్లు కావాలి. ఊళ్లో అద్దెలు పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. పాత అద్దెకున్న వాళ్లని ఖాళీ చేయించడానికి ఇళ్లవాళ్లంతా కోర్టుకెక్కారు. మా ప్లీడరు గారి గదిలో అద్దె కేసుల కట్టలు పేరుస్తే డాల్ఫిన్ కొండకి రెండు జానలు తక్కువ.

నేను ఆ ప్లీడరు గారికి గుమస్తాని. నోరు ఆయనది, కాళ్లు నావి. ఆయన కోర్టు హాల్లో వాదిస్తూంటే నేను వరండాల్లో తిరుగుతూ వాయిదాలు రాసుకుని, స్టాంపులు కొని, కాగితాలు అందించి, మధ్యలో టీ తాగేవాణ్ణి. సాయంత్రం నాలుగు గంటలకి నోటీసు బోర్డు చూడటం కూడా నా పనే. ఈ బోర్డు సంగతి కాస్త చెప్పాలి.

కింది కోర్టులో ఓడినవాడు పై కోర్టుకి అప్పీలు వేసుకోవాలంటే ముప్ఫై రోజులు గడువు. అప్పీలుతో పాటు తీర్పు నకలు పెట్టాలి. నకలు కావాలని అప్లికేషన్ పెడితే, ఆఫీసువాళ్లు తీర్పు ఎన్ని పేజీలొస్తుందో లెక్కేసి, ఫలానా నెంబరువాళ్లు ఇన్ని స్టాంపు కాగితాలు కట్టాలని బోర్డుకి ఒక జాబితా అంటిస్తారు. దాన్ని మేం "స్టాంపులు పిలవడం" అంటాం. పిలిచాక మూడు రోజులు ఆ జాబితా అక్కడుంటుంది. ఆ మూడు రోజుల్లో స్టాంపులు ఇచ్చేస్తే, నకలు కోసం ఆగిన రోజులన్నీ గడువులోంచి తీసేస్తారు. ఇవ్వకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, ఆగిన రోజులు మన నెత్తినే పడతాయి. ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. కార్డుముక్క రాయరు. బోర్డు చూసుకోవాలి, అంతే. ఆ చూసుకోవడానికే నాకు జీతం.

ఇక సాయిబు. ఊరంతా "గొడుగుల సాయిబు" అనేవారు, నేను "మామూ" అనేవాణ్ణి. వన్‌టౌన్లో పాత పోస్టాఫీసు దగ్గర ఆయనకో కొట్టు. కొట్టు అంటే, రెండు గొడుగులు విప్పితే మూడోది వీధిలో విప్పుకోవాలి. వాళ్ల నాన్న కూడా అందులోనే కూర్చుని గొడుగులు కుట్టేవాడట. ఎదురుగోడకి వీపు ఆనిన చోట సున్నం అరిగి నున్నగా మెరుస్తూండేది. రెండు తరాల వీపులు.

మా ఊళ్లో గొడుగుకి అసలు శత్రువు వాన కాదు, ఉప్పుగాలి. ఏడాది తిరిగేసరికి ఊచలు తుప్పుపట్టి పుటుక్కుమంటాయి. మామూ వాటికి ఏదో నూనె పట్టించి, సన్నటి తీగతో కట్టి ఇచ్చేవాడు. ఆయన బాగుచేసిన గొడుగు వేసుకుని ఒక తుపాను రోజు బీచి రోడ్డు మీద నడుస్తూంటే, గాలికి నేను పైకి లేచి కలెక్టరాఫీసు దాటి దిగాను. ఇక్కడ తరుగు తీసుకోండి. గొడుగు మాత్రం వంగలేదు. ఇక్కడ వద్దు.

కొట్టు యజమాని వేసిన కేసులో, మామూ కొట్టు ఖాళీ చెయ్యాలని కింది కోర్టు తీర్పిచ్చింది. అప్పీల్లో మనకి బలం ఉందని ప్లీడరు గారు గట్టిగా నమ్మారు. నేను నకలుకి అప్లికేషన్ పెట్టాను. మర్నాడే మామూ కోర్టుకొచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. నల్లటి గొడుగుగుడ్డలో చుట్టి, చుట్టూ దారంతో కుట్టేశాడు.

"ఏటి మామూ ఇది?"

"స్టాంపులు బాబూ. కాపీకి కావాల్సిన కాగితాలు, అప్పీలుకి అతికించే కోర్టు ఫీజు స్టాంపులు, అన్నీ ఉన్నాయి. ఎందుకైనా మంచిదని రెండు కాగితాలు ఎక్కువే కొన్నాను."

"ఇంకా పిలవలేదు కదా. ఎన్ని కావాలో చెప్పాక కొనొచ్చు."

"పిలిచిన రోజున వెండరు దగ్గర లేవంటే? నా పక్కనుంచి ఆలస్యం ఉండకూడదు. గుడ్డ మంచిది బాబూ, నీ సంచి సముద్రంలో పడినా తడవదు."

నేను ఆ పొట్లం సంచిలో వేసుకున్నాను. ఆయన నెంబరు రాసిన చీటీ ఆయన జేబులో ఒకటి, నా డైరీలో ఒకటి. నా పక్కన మిగిలిందల్లా సాయంత్రం నాలుగింటికి ఒక బోర్డు చదవడం.

ఇప్పుడు గేదె వస్తుంది.

వరండాలో గాలి తగిలే చోటు ఒక్కటే, అది నోటీసు బోర్డు ముందు. నేను రోజూ బోర్డుకి వీపు ఆనించి నిలబడేవాణ్ణి. నా చుట్టూ గుమస్తాలు, బంట్రోతులు, వాయిదా పడి ఏం చెయ్యాలో తోచని కక్షిదారులు చేరేవారు. ఆ రోజుల్లో కోర్టు మొత్తానికి నా కబుర్లే రేడియో. జడ్జిగారు కూడా కిటికీ రెక్క ఓరగా తీయించి వినేవారని నా నమ్మకం. ఆ సోమవారం నేను మొదలుపెట్టింది, పోర్టులోంచి జపాను వెళ్లిపోయిన కంచరపాలెం గేదె కథ.

మేత కోసం పోర్టు గేటులో దూరిన గేదె ఒకటి, ఇనుపరాయిని ఓడలోకి మోసుకెళ్లే బెల్టు ఆగి ఉన్నప్పుడు అదే రోడ్డనుకుని ఎక్కింది. ఎక్కగానే బెల్టు కదిలింది. గేదె నడవట్లేదు, ఊరు వెనక్కి పోతోంది. యారాడ కొండ తనంతట తానే పక్కకి తప్పుకుంటూంటే గేదె హుందాగా తలూపింది. ఇక్కడికొచ్చేసరికి మావాళ్లు పొట్టలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే కాపీ సెక్షన్ అటెండరు జిగురు డబ్బా, జాబితా పట్టుకొచ్చి, "గురూ, కాస్త ఒంగు" అన్నాడు. ఒంగాను. అతను నా వీపు వెనకాల కాగితం అంటించి పోయాడు. నేను మళ్లీ ఆనుకున్నాను.

గుంపు చివర మామూ నిలబడి ఉన్నాడు. కొట్టు కట్టేసి మరీ వచ్చాడు.

"మన నెంబరు పడిందా బాబూ?"

"పడితే నేను చెప్పనా మామూ? ఇంతకీ గేదె ఎక్కడుంది?"

"బెల్టు మీద!" అని అందరూ అరిచారు. మామూ కూడా అరిచాడు.

రెండో రోజు గేదె ఓడలో ఉంది. మెడదాకా ఎర్రటి ఇనుపరాయి. వంటవాడు రోజుకి నలభై లీటర్ల పాలు పిండి కెప్టెనుకి కాఫీ ఇస్తున్నాడు. ఆ కాఫీ తాగి కెప్టెను మా ఊరి యాసలో "ఏటి సేత్తన్నావ్?" అని వైర్‌లెస్సులో మాట్లాడుతున్నాడు. మామూ అడిగాడు, నేను అదే జవాబు చెప్పాను. తల కూడా తిప్పలేదు.

మూడో రోజు జనం పెరిగారు. పక్క కోర్టు వరండాలోంచి కూడా వచ్చారు. వెయ్యిమంది ఉంటారు, సరే, పాతికమంది. ఓడ జపాను చేరింది. అక్కడ సరుకు దించడానికి తాటికాయంత బొత్తాలున్న పెద్ద అయస్కాంతం క్రేను. ఇరవై రోజులు ఇనుపరాయి నమిలిన గేదె కడుపులో ఎంత ఇనుముంటుంది? క్రేను దిగింది. గేదె లేచింది.

మామూ ముందుకొచ్చి నాకు అయిదడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నా భుజం పక్కకి చూస్తున్నాడు. "బాబూ," అన్నాడు మెల్లగా, "ఓసారి తిరిగి సూడు."

"మామూ! గేదె గాల్లో వేలాడతంటే ఇప్పుడా నాను తిరగడం!"

వరండా మొత్తం ఘొల్లుమంది. మామూ ఒక్క క్షణం ఆగి, తనూ నవ్వాడు. నేను గేదెని అలాగే గాల్లో వదిలేసి, "మిగతాది రేపు" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాను. ఆ సంచిలో, నల్లగుడ్డలో, స్టాంపులన్నీ ఉన్నాయి. మూడు రోజులూ ఉన్నాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం తోటి గుమస్తా ఒకడు కాపీ సెక్షన్లోంచి వస్తూ నన్ను ఆపాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకళ్లనొకళ్లు బావా అనే పిలుచుకునేవాళ్లం.

"బావా, మీ గొడుగుల సాయిబు అప్లికేషన్ కొట్టేసినారు కదా. స్టాంపులు కట్టలేదట. డబ్బుల్లేవా ఏటి ఆయనకి?"

నేను బోర్డు దగ్గరికి పరిగెత్తాను. కొత్త జాబితా అంటించేశారు. జిగురు ఆరని ఆ కాగితం ఎత్తి చూస్తే, కింద పాతదాంట్లో మామూ నెంబరు ఉంది. దాని మీద నా చొక్కా చెమట మరక, నా వీపంత. ఈ మరక కొలతలో ఒక్క అంగుళం కూడా నేను పెంచట్లేదు.

ఆ క్షణంలో ప్లీడరు గారి దగ్గరికెళ్లి "నా పొరపాటండి" అని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను వెళ్లలేదు. చప్పుడు చెయ్యకుండా రెండో అప్లికేషన్ పెట్టాను. ఈసారి స్టాంపులు పిలిచిన గంటలో కట్టాను. నకలు చేతికొచ్చేసరికి ముప్ఫై రోజుల మీద పదకొండు రోజులు అయిపోయాయి. మామూ మధ్యలో రెండుసార్లు వచ్చి అడిగితే "ఆఫీసువాళ్ల ఆలస్యం" అన్నాను.

నకలు వెనక అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ అన్నీ ముద్రలేసి ఉంటాయి. ప్లీడరు గారు కళ్లద్దాలు పైకెత్తి చూశారు.

"ఇది రెండో అప్లికేషన్ కదరా. మొదటిది ఏమైంది?"

"కొట్టేశారండి. సాయిబు స్టాంపులు తేలేదు."

నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి నాకు ఎంతో వ్యవధి ఉంది. ఆయన పెన్ను మూత తీసేంత సేపు ఉంది.

"ఎందుకు తేలేదు?"

"కామెర్లండి."

మా కోర్టులో ఆలస్యానికి కామెర్లే కారణం. గడువు దాటిన వాళ్లందరికీ కామెర్లే వచ్చేవి. ఆ కాగితాలన్నీ నమ్మితే ఊరు ఊరంతా పసుపుపచ్చగా ఉండాలి. ప్లీడరు గారు నిట్టూర్చి, "సరే, ఆలస్యం మాఫీకి పిటిషను, అఫిడవిట్టు రాసుకురా, సంతకం పెట్టించు" అన్నారు. ఆయన హైదరాబాదు వెళ్లే హడావిడిలో ఉన్నారు.

"ఒంట్లో నలతగా ఉండి" అని రాస్తే సరిపోయేది. నాకు చిన్నగా రాయడం చేతనైతేగా! మామూ కళ్లు పసుపుకొమ్ముల్లా చేశాను. మంచం పట్టించాను. ఇరవై రోజులు కాలు కింద పెట్టనివ్వలేదు. ఎలమంచిలి పక్క పల్లె నుంచి పసరు వైద్యుణ్ణి రప్పించాను. ఉప్పు లేని పథ్యం పెట్టించాను. రాస్తున్నంతసేపూ, చెప్పడానికి సిగ్గేస్తోంది, బాగా వచ్చిందనుకున్నాను.

మామూకి తెలుగు చదవడం రాదు. ఉర్దూలో సంతకం చేస్తాడు. "ఏటి రాసినావు బాబూ?" అన్నాడు.

"ఆలస్యానికి కారణం రాసాం మామూ. కోర్టు భాష."

ఆయన బిస్మిల్లా అనుకుని సంతకం పెట్టాడు.

విచారణ రోజు జోరు వాన. అవతలి ప్లీడరు గారు తడిగొడుగు చేత్తో పట్టుకునే లోపలికి వచ్చారు. మా ప్లీడరు గారు కామెర్ల గురించి అయిదు నిమిషాలు మాట్లాడి కూర్చున్నారు. అవతలాయన లేచి ఆ గొడుగు పైకెత్తారు.

"ఈ గొడుగు పిడి ఊడిపోతే, ఆయన మంచం దిగలేదంటున్న ఇరవై రోజుల మధ్యలోనే నేను స్వయంగా వెళ్లి ఆయన కొట్లో కూర్చుని చేయించుకున్నానండి. నేను అవతలి పక్షం ప్లీడర్ని అని తెలిసి కూడా నాకు టీ తెప్పించాడు. మనిషి నిక్షేపంలా ఉన్నాడు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. మామూని ముందుకి రమ్మన్నారు.

"ఏమయ్యా, నీకు కామెర్లు వచ్చాయా?"

మామూ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "లేదు బాబూ. అల్లా దయ. నాకు జలుబు కూడా రాదు."

"మరి స్టాంపులు సమయానికి ఎందుకు కట్టలేదు?"

మామూ వెనక్కి తిరిగాడు. మా ప్లీడరు గారి కుర్చీ వెనకాల కట్టలు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. నా మీద ఆయన చూపు నిలిచింది. ఎంతసేపని అడిగితే నా మామూలు పద్ధతిలో ఒక యుగం అంటాను. రెండు సెకన్లు ఉంటుందేమో. ఆ రెండు సెకన్లలో నేను నోరు విప్పొచ్చు. పాతికమందిని మూడు రోజులు నిలబెట్టిన నోరు. పెదవి కదల్లేదు.

మామూ మళ్లీ జడ్జిగారి వైపు తిరిగాడు. "తప్పు నాదే బాబూ. బోర్డు సరిగా సూడలేదు."

పిటిషను కొట్టేశారు. దాంతో అప్పీలు పోయింది. అప్పీలుతో కొట్టు పోయింది.

మెట్లు దిగుతూ ప్లీడరు గారు ఆగారు. వాన చూస్తూ అన్నారు, "ఎవరి కామెర్లురా అవి?"

నేను మెట్లు లెక్కపెట్టాను. తొమ్మిది.

"మా గుమస్తా బోర్డు చూడలేదు అని ఒక్క ముక్క రాస్తే ఇచ్చేవారురా. గుమస్తా చేసిన తప్పుకి కక్షిదారు కొట్టు తీసెయ్యరు. అబద్ధం చెప్పినందుకు తీశారు." అంతే. తిట్టలేదు. పనిలోంచి తీసెయ్యలేదు. మర్నాటి నుంచి సాయంత్రం నాలుగింటికి ఆయనే వచ్చి బోర్డు చదువుకోవడం మొదలెట్టారు. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు నుదుటికెత్తి, వేలు పెట్టి ఒక్కో నెంబరూ చూసుకునేవారు. నేను పక్కన సంచి పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ వరండాలో మళ్లీ ఎప్పుడూ కబుర్లు చెప్పలేదు. "బావా, గేదె ఏమైంది?" అని నెల రోజులు అడిగి వాళ్లూ మానేశారు.

హైకోర్టుకి వెళ్దామని ప్లీడరు గారు తన ఖర్చుతో చేస్తానన్నారు. మామూ దణ్ణం పెట్టాడు. "వద్దు బాబూ. హైదరాబాదులో బోర్డు ఎవరు సూత్తారు?"

కొట్టు ఖాళీ చేసేముందు ఆయన ఒక పని చేశాడు. బాగుచేసి ఉంచితే ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని గొడుగులు అటక మీద గుట్టగా ఉన్నాయి. వాటన్నిటినీ భుజాన వేసుకుని, ఎవరిది ఏదో గుర్తుపెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేశాడు. అందులో నాదొకటి ఉంది. ఆయన గొంతు వీధిలో వినబడగానే నేను పెరట్లోకి పోయి నుయ్యి వెనకాల కూర్చున్నాను. ఇంట్లో లేనని చెప్పమని మా అమ్మకి సైగ చేశాను. మా అమ్మ గొడుగు తీసుకుని, ఆయనకి మజ్జిగిచ్చి పంపి, లోపలికొచ్చి నన్ను చూసింది. "గొడుక్కి నీ పేరు కాగితం మీద రాయించి మరీ కట్టాడురా," అంది. ఆ కొట్లో తర్వాత రంగుల డబ్బాల షాపు పెట్టారు. వీపులు అరగదీసిన గోడకి నమూనాకని ఏడు రంగులు పూశారు. నేను చూడలేదు, ఎవరో చెప్పారు. ఆ వీధిలోకి వెళ్లడం మానేశాను.

రెండు మూడేళ్లు గడిచాయి. పెళ్లయింది. మద్దిలపాలెం అవతల ఇల్లు తీసుకున్నాం. ఒక వానాకాలం సాయంత్రం డిపో దగ్గర బస్సు కోసం నిలబడితే, గాలికి నా గొడుగు తిరగబడి రెండు ఊచలు విరిగాయి. ఎవరో పిలిచారు.

"గుమస్తా బాబూ! ఇలా తే."

డిపో గోడ వారన, పెద్ద గొడుగు ఒకటి నేలలో పాతి, దాని కింద గోనె మీద మామూ కూర్చుని ఉన్నాడు. గెడ్డం పూర్తిగా తెల్లబడింది. పారిపోవడానికి నాకు బస్సు లేదు.

గొడుగు తీసుకున్నాడు, గోనె మీద చోటు చూపించాడు. తీగ చుడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"అయితే బాబూ, ఆ గేదె ఇంకా గాల్లోనే ఉందా?"

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"గేదె లేదు మామూ. జపానూ లేదు. పోర్టు గేటు దగ్గర ఒక గేదె గడ్డి తింటంటే వాచ్‌మన్ తోలేశాడు. అంతే. మిగిలిందంతా నేనే..."

"గేదె జపాను ఎల్లదని నాకు తెలీదా?" అని నవ్వాడు. "బాగా సెప్పినావు. మా ఇంట్లో సెప్తే మా ఆడోళ్లు రెండ్రోజులు నవ్వినారు. తర్వాత ఏటయిందని అడిగితే నాను ఏటి సెప్పాలి?"

"మామూ, ఆ మూడు రోజులూ నీ నెంబరు నా వీపు వెనకాలే ఉంది. స్టాంపులు నా సంచిలోనే ఉన్నాయి. నేను చూడలేదు. నీకు కామెర్లని రాసింది కూడా నేనే." ఏళ్ల తరబడి మనసులో వంద రకాలుగా అల్లుకున్న మాటలు. బయటికి ఇంతే వచ్చాయి.

ఆయన చేతులు ఆగలేదు. పళ్లతో తీగ కొరికాడు.

"తెలుసు బాబూ."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడో రోజే. అక్సరాలు రావు గానీ అంకెలు నాకూ వచ్చు. గొడుగులకి నెంబర్లు నానే కడతాను కదా. నీ బుజం పక్కన సివరి రెండు అంకెలూ కనపడినాయి. సీటీ తీసి సూసుకున్నాను. అవే." గొడుగు విప్పి, కింద నుంచి పైకి చూశాడు. "పడితే సెప్తానన్నావు నువ్వు, సెప్పలేదు. సదువుకున్నోడివి. నా కళ్లదే తప్పు అనుకున్నాను."

గొడుగు మూసి నా చేతిలో పెట్టాడు. కూలి ఎంతంటే, అందరి దగ్గరా తీసుకునేదే అడిగి తీసుకున్నాడు. ఊరికే చేసి పెడతాడేమో, అప్పుడు ఏం చెయ్యాలో అని భయపడుతున్నాను. తీసుకున్నాడు.

లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ముందు గేదె సంగతి సెప్పు. ఇంట్లో అడుగుతారు."

వాన కురుస్తోంది. గోనె మీద, ఆయనకి ఎదురుగా, బస్టాపుకి వీపు పెట్టి కూర్చుని, మూడేళ్లుగా క్రేనుకి వేలాడుతున్న గేదెని కిందికి దించడం మొదలుపెట్టాను. దాన్ని నేల మీద పెట్టాను. కడిగించాను. తిరుగు ఓడ ఎక్కించాను. ఎక్కడా ఏమీ పెంచలేకపోయాను. చప్పటి కథ. అయినా ఆయన ఒక్కో ముక్కకీ తలూపుతూ విన్నాడు. గేదె మా పోర్టుకి తిరిగి చేరుతూండగా ఆయన నా భుజం పక్కనుంచి అవతలికి చూశాడు.

"ఓసారి తిరిగి సూడు బాబూ," అన్నాడు. "నీ బస్సు."

వెంటనే తిరిగాను.